వారాల జట్టు

గోడకు అంటించిన ఏ నోటీసునైనా నేను రెండుసార్లు చదువుతాను. మొదటిసారి అందులో ఏమున్నదో తెలుసుకోవడానికి, రెండవసారి ఏమి లేదో తెలుసుకోవడానికి. 1994 మార్చి ముప్పై ఒకటవ తేదీ గురువారం సాయంత్రం, బరంపురంలో మహేంద్ర స్పోర్టింగ్ క్లబ్బు గేటు పక్కన అంటించిన నోటీసును కూడా అలాగే చదివాను. క్లబ్బువారి ఫుట్‌బాల్ అకాడమీ నాటితో మూతపడుతుందనీ, అందులోని పన్నెండు మంది పిల్లలూ సోమవారానికల్లా గదులు ఖాళీ చేసి తమ ఊళ్ళకు వెళ్ళిపోవాలనీ అందులో ఉన్నది. కారణం లేదు. సభ్యుల తీర్మానం లేదు. కార్యదర్శి కూర్మారావు సంతకం ఒక్కటి మాత్రం, ఎప్పటిలాగే, కాగితంలో సగం ఆక్రమించుకుని ఉన్నది.

ఆ క్లబ్బును 1952లో పెద్దబజారు వర్తకులు ఐదుగురు కలిసి స్థాపించారు. వారిలో నా భర్త ఒకరు. ఆయన పోయిన తరువాత ఆయన సభ్యత్వం నాకు సంక్రమించింది. ఆడవాళ్ళు మైదానానికి వచ్చి కూర్చోవడమేమిటని కొందరు గొణిగారు. అడ్డుచెప్పే నియమం ఏదైనా ఉంటే చూపించమన్నాను. చూపించలేకపోయారు. ఆనాటి నుండి పద్దెనిమిదేళ్ళుగా కార్నర్ జెండా పక్కన నా కుర్చీ ఉన్నది.

అకాడమీ అన్న పేరు ఈ మధ్య వచ్చింది. మొదట్లో దానికి పేరే లేదు. మా జట్టులో సెంటర్ హాఫ్‌గా ఆడిన పైడయ్య, మోకాలు విరిగి ఆట మానుకున్న తరువాత, మార్కండి, పురుషోత్తంపూర్ వైపు ఊళ్ళు తిరిగి పిల్లలను ఏరి తెచ్చుకుని నేర్పడం మొదలుపెట్టాడు. మైదానం వెనుక ఒకప్పుడు చింతపండు నిలవచేసిన రెండు గదులను క్లబ్బు వారికి ఇచ్చింది. ఎన్నిసార్లు సున్నం కొట్టించినా ఆ గదులను చింతపండు వాసన విడిచిపెట్టలేదు. పిల్లల చొక్కాలకు కూడా అదే వాసన. సంతలో ఎదురుపడినా వాళ్ళు మా పిల్లలని ముక్కుతో చెప్పగలిగేవారం.

పడుకోవడానికి గదులున్నవి, తిండి ఎలాగన్న ప్రశ్న వచ్చినప్పుడు నా భర్త ఒక ఉపాయం చెప్పారు. వెనుకటి రోజుల్లో చదువుకునే పేద పిల్లలు ఊళ్ళో వారాలు చేసుకునేవారు కదా, సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం మరొక ఇంట్లో. మన పిల్లలు కూడా అలాగే తింటారన్నారు. చదువుకు పెట్టిన అన్నం ఆటకు ఎందుకు పెట్టకూడదన్నారు. ఆరు ఇళ్ళు ముందుకు వచ్చాయి. పూటకు ఇంటికి ఇద్దరు పిల్లలు. ఆదివారం మాత్రం పైడయ్యే గదుల దగ్గర కిచిడీ వండేవాడు. ఆ విధంగా ప్రతి పిల్లవాడూ వారంలో ఆరు ఇళ్ళూ ఎరుగును, ప్రతి ఇల్లూ పన్నెండు మంది పిల్లలనూ ఎరుగును.

దీనివల్ల మా మైదానంలో ఒక వింత జరిగేది. గోల్‌కీపరు జగ్గన్న మా ఇంటికి బుధవారం వచ్చేవాడు గనుక నాకు వాడు బుధవారం పిల్లవాడు. కూర్మారావు భార్య వరలక్ష్మికి వాడు సోమవారం పిల్లవాడు. పోస్టుమాస్టరుగా రిటైరైన నీలకంఠంగారికి మంగళవారం. బంతిని వాడు అడ్డుకున్నప్పుడల్లా ఆరు వైపుల నుండి ఆరు వారాల పేర్లు వినిపించేవి. పై ఊరి నుండి ఆట చూడవచ్చినవారు మా జట్టులో పేర్లకు కరువొచ్చిందేమో అనుకునేవారు.

నోటీసు చదివిన మరుక్షణం నాకు గుర్తుకు వచ్చినవాడు ఆ జగ్గన్నే. వాడు చేరి ఆగస్టుతో మూడేళ్ళు నిండుతాయి. క్లబ్బు నియమావళిలో పదకొండవ నియమం ప్రకారం, చేర్చుకున్న పిల్లవాడికి మూడేళ్ళు పూర్తిగా నేర్పి, నేర్పినట్టు పత్రం ఇవ్వవలె. ఆ పత్రం ఉంటేనే ఆ ఏడాది రైల్వే జట్టు ఎంపికకు పిలుస్తారు. పత్రం లేని జగ్గన్న మార్కండిలో తండ్రి పడవ ఎక్కుతాడు. పడవ ఎక్కడంలో చిన్నతనం ఏమీ లేదు. మాట ఇచ్చి, ఐదు నెలల ముందు తలుపు వేయడంలో ఉన్నది చిన్నతనం.

శుక్రవారం ఉదయమే కూర్మారావు దుకాణానికి వెళ్ళాను. కూర్మారావు నా అక్క కొడుకు. మిరపకాయల టోకు వ్యాపారం. ఆ దుకాణంలో తుమ్మకుండా మాట్లాడగలిగినవాడు వాడొక్కడే.

"కూకో పిన్నీ. ఒరే, పిన్నివైపు ఫేను తిప్పు. ఏటి, నోటీసు సూసీసావా?"

"చూశాను. కారణం ఎక్కడ రాశావు?"

"కారణమేటంటే, గదులు కావాలి. కలకత్తా నుంచి ఐదుగురు ఆటగాళ్ళొస్తన్నారు. మనం లీగు నెగ్గి పదకొండేళ్ళయింది. బజార్లో మొకమెత్తలేకపోతన్నాను. ఆ కుర్చీలో కూకుని నువ్వూ సూస్తన్నావు కదా, మన డిఫెన్సు."

"డిఫెన్సు సంగతి నాకు తెలుసు. పిల్లల సంగతి చెప్పు."

"ఇళ్ళకెల్తారు. అమ్మా బాబూ ఉన్నోళ్ళే కదా పిన్నీ, అనాథలేటి?"

"పదకొండవ నియమం చదివావా?"

నేను సంచీ తెరిచాను. కూర్మారావు గుమాస్తా వైపు చూసి, "అదిగో, పుస్తకం తీసీసింది. ఇంక మజ్జాన్నందాకా మనకి బేరాల్లేవు" అన్నాడు.

పదకొండవ నియమం చదివి వినిపించాను. తరువాత ఏడవది కూడా. క్లబ్బులో ఏ విభాగాన్ని మూయాలన్నా సభ్యులందరి సమావేశంలో ఓటు తీసుకోవలెనని ఏడవ నియమం. కూర్మారావు తల గోక్కున్నాడు. వాడు చెడ్డవాడు కాదు. చిన్నప్పుడు గోడ దూకి మ్యాచీలు చూసి, టికెట్టు లేకుండా చూశానని మరునాడు నా భర్త దగ్గరికి వచ్చి ఏడ్చినవాడు. క్లబ్బు గెలవాలన్న కోరికే వాడిచేత ఈ పని చేయించింది.

"సరే పిన్నీ, నీ మాటే. ఆదివారం సాయంత్రం ఆరున్నరకి మీటింగు పెడతాను. నాలుగ్గంటలకి కొడల ఊరి పిల్లల్తో మ్యాచి ఎలాగూ ఉంది, మెంబర్లందరూ వస్తారు. మన పిల్లల ఆట సూస్తారు, సూసి ఓటేస్తారు. ఏటంటావు?"

నాకు సంతోషమైంది. ఆ పిల్లల తరఫున నేను వాదించడం కన్నా వాళ్ళ ఆట వాదించడం మేలని అనుకున్నాను. ఆ రోజు గుడ్ ఫ్రైడే. కాన్వెంటు చదువు వల్ల ఆ రోజు ఒక్క పూటే తినే అలవాటు నాకు మిగిలిపోయింది. ఆ ఒక్క పూటా తృప్తిగా తిన్నాను.

వార్త బజారంతా పాకింది. వారాలు పెట్టే ఆరు ఇళ్ళలో ఒకడైన సైకిలు దుకాణంవాడు తన గోడ మీద రంగుతో రాయించుకున్న జట్టు పేర్ల పక్కన నిలబడి, వచ్చినవారందరికీ ఏ పిల్లవాడు ఏ ఏడాది ఏ గోలు కొట్టాడో అప్పజెబుతున్నాడు. కలకత్తా వాళ్ళొస్తే లీగు మనదేనని వాదించిన కుర్రవాళ్ళు కూడా ఆ గోడ దగ్గర మాత్రం గొంతు తగ్గించేవారు. నీలకంఠంగారు సాయంత్రం మా ఇంటికి వచ్చి కూర్చున్నారు. ఆయనకు భార్య పోయి తొమ్మిదేళ్ళు. ఆయన వంట ఎంత అన్యాయంగా ఉంటుందో పన్నెండు మంది పిల్లలకూ తెలుసు, ఒక్కరూ ఏనాడూ పైకి అనలేదు.

"నా ఒక్కడికోసమైతే నేను పొయ్యి ముట్టించనండీ," అన్నారాయన. "ఇంక సోమారం నుంచి ఏటి సెయ్యాలో తెలీటం లేదు."

"ఆదివారం దాకా ఆగండి" అన్నాను.

ఆదివారం ఏమి జరిగిందో చెప్పాలంటే ముందు వారాల మర్యాద ఒకటి చెప్పాలి. ఒక ఇంట్లో వారం తిన్న పిల్లవాడు ఊరు విడిచి వెళ్ళేటప్పుడు ఆ ఇంట్లో చివరిసారి భోంచేసి, సెలవు తీసుకుని వెళ్ళాలి. ఆ పూట ఇల్లాలు తన చేతనైనంత బాగా వండాలి. పిల్లవాడు విస్తట్లో మెతుకు మిగల్చకూడదు. మిగిలిస్తే ఆ ఇంటి అన్నం రుణం వాడికి తీరలేదని అర్థం. తిన్నవాడికీ మంచిది కాదు, పెట్టినవారికీ మంచిది కాదు. మూడేళ్ళు నిండి వెళ్ళిపోయే పిల్లలు ఆఖరి వారమంతా ఇంటికొక రోజు చొప్పున అలాగే సెలవు తీసుకునేవారు.

ఈసారి ఆఖరి వారం లేదు. నోటీసు గురువారం వచ్చింది. శుక్రవారం, శనివారం వంతు వచ్చిన ఇళ్ళు సెలవు భోజనాలు పెట్టేశాయి. ప్రతి పిల్లవాడికీ ఇంకా నాలుగు ఇళ్ళు మిగిలాయి. ఓటు ఎలా పడుతుందో ఎవరికీ తెలియదు, సోమవారం ఉదయం పిల్లలు బస్సెక్కేస్తారేమో. మిగిలినది ఆదివారం ఒక్కటే.

మ్యాచి రోజున పిల్లలకు తేలికగా పెట్టాలని పద్దెనిమిదేళ్ళుగా ఆరు ఇళ్ళకూ చెబుతూ వచ్చినదాన్ని నేనే. శనివారం సాయంత్రం నా వంటమనిషి కాసులమ్మతో శనగపప్పు నానబెట్టమన్నదాన్ని కూడా నేనే. తక్కిన ఇళ్ళకు ఈ ఆలోచన వచ్చి ఉండదనీ, మా ఇంట్లో తిన్న రెండు బొబ్బట్లు ఆటకు అడ్డురావనీ నాకు నేను చెప్పుకున్నాను. ఆరు ఇళ్ళలోనూ ఆరుగురూ సరిగ్గా ఇదే చెప్పుకున్నారు. ఒకరికొకరు తెలియకుండా, ఇద్దరిద్దరు చొప్పున, తొమ్మిది గంటల నుండి రెండున్నర వరకు పిల్లలను పిలిపించుకున్నారు. పైడయ్య పొద్దున్నే కిచిడీ వండిపెట్టి, కొడల జట్టును తీసుకురావడానికి బస్టాండుకు వెళ్ళి, బస్సు రాక అక్కడే ఉండిపోయాడు.

జగ్గన్న మా ఇంటికి పన్నెండున్నరకు వచ్చాడు. కూర్చోవడమే కొంచెం నెమ్మదిగా కూర్చున్నాడు. పులిహోర, పనసపొట్టు కూర, పెరుగు, మూడు బొబ్బట్లు. మూడవదాన్ని చాలాసేపు చూశాడు.

"సాలండి అమ్మగోరూ" అన్నాడు.

"చివరి పూట మిగల్చకూడదు."

"తెల్సండి," అని దాన్ని నాలుగు ముక్కలుగా చేసి, ఒక్కొక్క ముక్కకూ నీళ్ళు తాగుతూ తిన్నాడు.

పొద్దుటి నుండి ఇంకెక్కడైనా తిన్నావా అని ఒక్క ప్రశ్న అడగవలసింది. ఎదుటివారిని ప్రశ్నలడగడమే జీవితంగా గడిపిన నేను ఆ ఒక్క ప్రశ్నా అడగలేదు. వాడు నా పాదాలకు నమస్కరించి లేచేటప్పుడు గోడ పట్టుకున్నాడు. బెంగతో పట్టుకున్నాడని అనుకున్నాను.

నాలుగు గంటలకు మైదానం నిండిపోయింది. అంతమంది జనం మా పిల్లల మ్యాచీకి ఎప్పుడూ రాలేదు. కొడల పిల్లలు చెట్టుకింద కూర్చుని కాగితం పొట్లాల్లోంచి మరమరాలు తిని, నీళ్ళు తాగి, లేడిపిల్లల్లాగా మైదానంలోకి వచ్చారు. మా పిల్లలు పెళ్ళివారి బంతిలో నుండి లేచి వచ్చినట్టు వచ్చారు.

మొదటి గోలు ఐదవ నిమిషంలో. బంతి జగ్గన్నకు ఎడమవైపు రెండడుగుల దూరంలో వెళ్ళింది. మామూలు రోజుల్లో అటువంటి బంతిని వాడు ఆవలిస్తూ పట్టుకుంటాడు. ఆ రోజు దానివైపు మర్యాదగా వంగాడు, అంతే. రెండవ గోలుకు వంగను కూడా లేదు. మా సెంటర్ ఫార్వర్డు పరుగెత్తబోయి సగం దారిలో నిలబడిపోయి, నడుము మీద చేతులు వేసుకుని ఆకాశం వైపు చూశాడు. వారాల పేర్లతో అరిచే గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మూడవ గోలుకు వరలక్ష్మి నావైపు చూసింది. నేను నీలకంఠంగారి వైపు చూశాను. ఆయన తన చెప్పుల వైపు చూసుకుంటున్నారు.

విరామంలో పైడయ్య నా కుర్చీ పక్కనే పిల్లలను వరుసగా నిలబెట్టాడు.

"ఏటి తిన్నార్రా?"

ఒక పిల్లవాడికి తేన్పు వచ్చింది.

"జగ్గా, నువ్వు సెప్పు. ఏ ఇంట్లో తిన్నావు?"

"తొమ్మిదిటికి సెక్రట్రీ బాబుగోరింటికాడ పూరీలు, పాయసం అండి. తరవాత పోస్టుబాబు గోరింట్లో గారెలండి. అమ్మగోరింట్లో బొబ్బట్లు. రొండింటికి సైకిలు బాబు గోరింట్లో..."

"సాల్లే" అని పైడయ్య నేలమీద చతికిలబడ్డాడు. కొంతసేపు ముఖం చేతుల్లో దాచుకున్నాడు. ఏడుస్తున్నాడనుకున్నాను. చేతులు తీసినప్పుడు కళ్ళలో నీళ్ళు నిజంగానే ఉన్నవి, కాని నవ్వుతున్నాడు. "ఎల్లండ్రా, ఎల్లి నడిసి ఆడండి. పరిగెడితే కక్కుతారు."

ఆరు గోల్స్ తేడాతో ఓడిపోయాము.

క్లబ్బు హాలులో యాభై ఎనిమిది మంది సభ్యులు కూర్చున్నారు. సభ్యులు కాని ఆడవారు కిటికీల దగ్గర, పిల్లలు గుమ్మం దగ్గర నిలబడ్డారు. కూర్మారావు లేచి, గెలిచినవాడి ధోరణి ఏమీ లేకుండా, కొంచెం బాధగానే మాట్లాడాడు.

"అందరూ సూసేరు. ఈ గుంటల మీద నాకు కోపం లేదు. ఆళ్ళు మన పిల్లలే. కానైతే ఇంత మంది ముందర, కొడల పిల్లల సేతిలో ఆరు గోల్సు. నాను ఇంకేటి సెప్పక్కర్లేదు."

నేను లేచాను.

"ఈ రోజు ఓడిపోయింది పిల్లలు కారు," అన్నాను. "నేను ఎనిమిది మంది పిల్లలకు మ్యాచీ రోజున తలకు మూడు బొబ్బట్లు పెట్టాను. అందులో గోల్‌కీపరు ఒకడు. అది నా తప్పు. మినిట్స్‌లో రాయండి."

నీలకంఠంగారు లేచారు.

"నేను గారెలండి. తలకి ఐదు. అవి సామాన్యంగా అరిగేవి కావు, నా సేతివి."

సైకిలు దుకాణంవాడు లేచి ఆవడలని ఒప్పుకున్నాడు. తక్కిన రెండు ఇళ్ళవారూ కూర్చున్న చోటనే చేతులెత్తారు. అప్పుడు కిటికీలో నుండి వరలక్ష్మి గొంతు వినిపించింది.

"ఏవండీ, మనింట్లో కూడా తిన్నారు కదా. సెప్పరేటి? రెండోసారి పాయసం పొయ్యమన్నది మీరే."

నవ్వు హాలు వెనుక మొదలై ముందుకు వచ్చింది. చాలాసేపు ఆగలేదు. కూర్మారావు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు. "ఏటి సెయ్యమంటావు, ఆడు గిన్నెకేసి అలా సూసేడు" అన్నాడు, భార్యతోనో, సభతోనో.

ఓటు మాత్రం మూయడానికే పడింది, ముప్పై నాలుగు, ఇరవై నాలుగు. నేను దాన్ని అన్యాయమనలేదు. కొత్త పిల్లలను తీసుకోవాలా వద్దా అన్నది సభ్యుల ఇష్టం. తీసుకున్నవారికి ఇచ్చిన మాట ఇష్టం కాదు. ఆ సంగతే సవరణగా ప్రతిపాదించాను: ఇప్పుడున్న పన్నెండు మందీ తమ మూడేళ్ళు పూర్తి చేయవలె, పైడయ్య నేర్పవలె, క్లబ్బు పత్రం ఇవ్వవలె. యాభై ఎనిమిది చేతులూ లేచాయి. కూర్మారావు చెయ్యి అందరికన్నా ముందు లేచింది.

"కానైతే పిన్నీ, గదులు మాత్రం ఇవ్వలేను. కలకత్తా వోళ్ళకి మాటిచ్చీసేను."

"ఇచ్చిన మాట నిలబెట్టుకో. గదులు మాకు అక్కరలేదు. అన్నం పెట్టిన ఇళ్ళు ఆరు ఉన్నవి. పిల్లలు మా ఇళ్ళలో ఉంటారు."

హాలంతా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు బాగున్నవి. ఆ మాట దాచడం న్యాయం కాదు.

చప్పట్లు తగ్గుతుండగా గుమ్మం దగ్గర నుండి ఒక మనిషి ముందుకు వచ్చింది. జగ్గన్న తల్లి చిట్టమ్మ. కొడుకును ఇంటికి తీసుకుపోవడానికి మధ్యాహ్నం బస్సులో మార్కండి నుండి వచ్చి, గోలు పక్కన నిలబడి ఆట అంతా చూసింది.

"ఓ మాటడగొచ్చా అమ్మగోరూ?"

"అడుగు."

"మా గుంటడు ఎక్కడ తొంగుంటాడు?"

"మా ఇంట్లో."

"ఇంట్లో ఎక్కడమ్మా?"

నా చెయ్యి అలవాటుగా సంచీ వైపు వెళ్ళింది. చిట్టమ్మ గొంతు పెంచలేదు. చేప ధర చెప్పినట్టు, తొందర లేకుండా చెప్పింది.

"రెండున్నరేళ్ళు మీ ఎనక పంచలో కూకోబెట్టి అన్నమెట్టేరు. ఆడి కంచం ఆడే కడుక్కున్నాడు. అన్నమెట్టినోళ్ళని ఏటంటాం, నానేమనలేదు. తిన్నాడు, పెరిగేడు. మీ దయ. కానైతే తిండం ఏరు, తొంగోడం ఏరు. వానాకాలమొస్తాది. ఆ పంచలో ఆణ్ణి తొంగోబెడతానంటే నానొప్పుకోను. మా ఇల్లు సిన్నదే. అందులో ఆడు నడింట్లో తొంగుంటాడు."

వారాల గురించి ఇంత వివరంగా రాసిన నేను, ఆ పిల్లలు ఎక్కడ కూర్చుని తినేవారో ఇంతవరకు రాయలేదు. ఆ సంగతి దాచాలనుకోలేదు. ఇన్నేళ్ళుగా అది నా కంటికి ఆనలేదు, అంతే. కాన్వెంటులో నేనూ, చర్చి తోటమాలి కూతురూ ఒకే బల్ల మీద కూర్చుని తిన్నాము. అది న్యాయమని పదేళ్ళ వయసులోనే నాకు తెలుసు. పెళ్ళై ఈ ఇంటికి వచ్చిన నాటికే పెరటి పంచలో పీటలు ఉన్నవి, నేను వాటిని తుడిపించి వాడుకున్నాను. ఆరు ఇళ్ళలోనూ అంతే. హాలులో ఎవరూ చిట్టమ్మ వైపు చూడడం లేదు. అందరూ నావైపు చూస్తున్నారు, నేను ఏమంటే తామూ అదే అనవచ్చునని.

"ముందు గదిలో," అన్నాను. "నా భర్త మంచం ఉన్నది. దాని మీద."

"ఏ గుమ్మంలోంచి ఎల్తాడు?"

"వీధి గుమ్మంలోంచి."

"తిండో?"

"నేను తినే చోట. కంచం కాసులమ్మ కడుగుతుంది. నాదీ తనే కడుగుతుంది."

చిట్టమ్మ నన్ను కొంతసేపు చూసింది. తరువాత గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డ కొడుకు వైపు తిరిగింది. "ఇన్నావురా? అలగైతే ఉండు." మళ్ళీ నావైపు తిరిగి, "ఆడు గురకెడతాడమ్మా. తరవాత సెప్పలేదంటారు" అన్నది.

తక్కిన ఇళ్ళవారు కూడా లేచి, ఒకరు గట్టిగా, ఒకరు గొణుగుతూ, ఒప్పుకున్నారు. కూర్మారావు వరలక్ష్మి వైపు చూశాడు, వరలక్ష్మి అప్పటికే తల ఊపుతున్నది. ఒకాయన మాత్రం ఏమీ అనకుండా చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆయన వంతు పిల్లలిద్దరినీ నీలకంఠంగారు తనతో తీసుకుపోయారు. ఆయన ఇంట్లో నలుగురయ్యారు. అంతమందికి గారెలు వండవద్దని పైడయ్య దారి పొడుగునా ఆయనను బతిమాలుకుంటూ వెళ్ళాడు.

ఆగస్టులో జగ్గన్న పత్రం మీద కూర్మారావు సంతకం చేశాడు, కాగితంలో సగం ఆక్రమిస్తూ. నాకు ఆ సంతకం కన్నా సోమవారం సాయంత్రం ఎక్కువ గుర్తున్నది.

ఐదు గంటలకు సామానుతో వస్తానని జగ్గన్న చెప్పాడు. నాతో ఉండవలసిన రెండవ పిల్లవాడు పురుషోత్తంపూర్ వెళ్ళి మరునాడు వస్తానన్నాడు. ఐదింటికి నేను వీధి తలుపులు రెండు రెక్కలూ తీసి గుమ్మంలో నిలబడ్డాను. ఇరుగుపొరుగు అరుగుల మీద మామూలు కన్నా ఎక్కువ మంది కూర్చుని ఉన్నారు. పావు తక్కువ ఆరు అయింది. కలకత్తావాళ్ళ సామాను రిక్షాలో మైదానం వైపు వెళ్ళింది. జగ్గన్న రాలేదు. తల్లి మనసు మార్చుకుని తీసుకుపోయిందేమో అనిపించింది. తీసుకుపోతే ఆమెను తప్పుపట్టే హక్కు నాకు లేదని కూడా అనిపించింది.

అప్పుడు పెరటివైపు ఎవరో దగ్గారు. ఇల్లంతా దాటుకుని వెళ్ళి పెరటి తలుపు తీశాను. సందులో, రేకు పెట్టె మీద, బంతి ఒళ్ళో పెట్టుకుని జగ్గన్న కూర్చుని ఉన్నాడు.

"ఎంతసేపయింది వచ్చి?"

"ఐదింటికొచ్చేనండి."

"తలుపు ఎందుకు తట్టలేదు?"

"బుధారం కాదు కదండీ" అన్నాడు.

వాడు లేచి పెట్టె ఎత్తి లోపలికి రాబోయాడు. నేను గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను.

"ఈ గుమ్మంలో నుంచి నిన్ను రానివ్వను. మీ అమ్మకు మాట ఇచ్చాను. చుట్టూ తిరిగి రా."

"పెట్టె బరువండి. ఇదైతే దగ్గిర."

"దగ్గరే. అయినా చుట్టూ తిరిగి రావాలి."

పెట్టె నిజంగానే బరువుగా ఉన్నట్టున్నది. వాడి భుజం ఒక పక్కకు ఒరిగింది. నేను చెప్పులు వేసుకుని సందులోకి దిగి, పెట్టె రెండవ పిడి పట్టుకున్నాను. వాడు వద్దన్నాడు. నడవమన్నాను. ఇద్దరమూ సందు దాటి, మలుపు తిరిగి, వీధిలోకి వచ్చాము. అరుగుల మీద మాటలు ఆగిపోయాయి. కూర్మారావు స్కూటరు ఆపి, "ఏటి పిన్నీ ఇది, ఇలాగియ్యి, నానట్టుకుంటాను" అన్నాడు.

"నువ్వు దారి వదులు" అన్నాను.

నాలుగు ఇళ్ళు దాటేసరికి నా చెయ్యి లాగడం మొదలుపెట్టింది.

"ఇందులో ఏమున్నదిరా ఇంత బరువు?"

"బట్టలు, బూట్లు అండి. మిగిలిందంతా మా అమ్మెట్టింది." వాడు కొంచెం తటపటాయించాడు. "ఎండు సేపలండి. ఊరికే తినకూడదంది. మీకిమ్మంది."

మా ఇంట్లో మూడు తరాలుగా చేప వాసన వచ్చి ఎరుగము. కోమటి ఇంటి వీధి గుమ్మంలోంచి ఎండు చేపల పెట్టె లోపలికి వెళ్ళడం ఆ వీధిలో ఎవరూ చూసి ఉండరు. వాసన అప్పటికే తెలుస్తున్నది. పక్కింటి అరుగు మీది ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నది. వాడు నా ముఖం వైపు చూస్తూ, పెట్టె అక్కడే దించేయడానికి సిద్ధంగా అడుగు నెమ్మదించాడు.

మా గుమ్మం ఇంకా ఇరవై అడుగులున్నది. నేను పిడిని రెండవ చేతికి మార్చుకుని, "నడు" అన్నాను.